రాజకీయ వార్తలతో బుర్ర వేడెక్కిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ఒక న్యూస్ ఛానల్ డెస్క్‌లో పనిచేసి బయటికొచ్చాను. అప్పటినుంచి పెళ్లిళ్లలో, రైల్లో, ఫోన్లో జనం నన్ను అడిగేవి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాదు. వార్త ఎలా వండుతారో, అది చూసేవాణ్ని ఎక్కడ పట్టుకుంటుందో మాత్రం దగ్గరుండి చూశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న చూసుకుంటే చాలు.

## ఇది అలసటేనా?

రాజకీయ వార్తలు చూశాక ఒంట్లో శక్తి పోయినట్టు ఉంటోంది. ఇది జబ్బా?

జబ్బు అని పేరు పెట్టేంత కాదు, కానీ ఉత్త భ్రమ కూడా కాదు. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అమెరికాలో పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూస్తూ కూర్చున్నవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా కనిపించాయి. బాంబుకీ అసెంబ్లీ గొడవకీ పోలిక లేదు, నిజమే. కానీ కళ్లతో పదే పదే చూసింది ఒంటిమీదికి వస్తుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. నిద్ర సరిగా పట్టకపోవడం, చిన్నదానికే కసురుకోవడం, పనిమీద మనసు నిలవకపోవడం, పొద్దున్నే కళ్లు తెరవకముందే చెయ్యి ఫోన్ కోసం వెతకడం, ఇవి మామూలుగా కనిపించే గుర్తులు.

చూస్తే చిరాకు, చూడకపోతే తోచదు. ఎందుకిలా?

ఎందుకంటే అది అలా ఉండేలాగే తయారవుతుంది. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు 2003, 2004 ప్రాంతంలో మొదలయ్యాయి. ఆ తర్వాత ఒక్కో పార్టీ పక్షాన ఒకటో రెండో ఛానళ్లు స్థిరపడ్డాయి. రోజులో నిజంగా కొత్త విషయం ఉండేది ఏ అరగంటో. మిగతా ఇరవై మూడున్నర గంటలూ నింపాలి. అందుకని డెస్క్‌లో ఒకే వార్తను 'కాసేపట్లో', 'ఉత్కంఠ', 'ఏం జరగబోతోంది' అంటూ సాగదీస్తాం. నాయకుడి కాన్వాయ్ ఇంట్లోంచి బయల్దేరితే ఒక బ్రేకింగ్, టోల్‌గేట్ దాటితే ఇంకో బ్రేకింగ్, గెస్ట్‌హౌస్‌కి చేరితే మరోటి. అంతా అయ్యాక చూస్తే జరిగింది సమావేశం వాయిదా.

చెడుమాటకి గిరాకీ ఎక్కువన్నది కూడా డెస్క్‌లో అందరికీ తెలుసు. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, ఆన్‌లైన్ శీర్షికలో ప్రతికూలమైన మాట ఒక్కటి ఎక్కువైతే క్లిక్కులు 2.3 శాతం పెరిగాయి. కాబట్టి మీ సంకల్పబలం తక్కువని తిట్టుకోకండి. అవతల జీతాలు తీసుకుని మిమ్మల్ని కూర్చోబెట్టే పని చేసేవాళ్లున్నారు.

నాకొక్కడికే ఇలా ఉందా?

లేదు. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ పలు దేశాల్లో ఏటా చేసే సర్వేలో, అప్పుడప్పుడైనా కావాలని వార్తలకు దూరంగా ఉంటున్నామని 2024లో 39 శాతం మంది చెప్పారు. 2017లో ఇది 29 శాతం.

మా నాన్నగారు పొద్దుననుంచీ రాత్రిదాకా ఛానళ్లే చూస్తారు. ఆయన నిక్షేపంగా ఉన్నారే?

చాలామంది పెద్దవాళ్లకి ఆ టీవీ ఒక మనిషి తోడు. మాటలు వింటూ కునుకు తీస్తారు, భోజనం చేస్తారు. మీరు చూసేది ఫోన్లో. అక్కడ ప్రతి వీడియో కిందా కామెంట్లుంటాయి, వాటిలో మీ కులాన్నో మీ ఊరినో తిట్టేవాడుంటాడు. ఆయనకి రిమోట్ ఉంది, మీకు అది కూడా లేదు. అయినా ఆయన నిజంగా నిక్షేపంగా ఉన్నారా అని ఒకసారి బీపీ చూపించండి.

## తగ్గించుకోవడం మొదలుపెట్టినప్పుడు

వార్తలు పూర్తిగా మానేస్తే పీడా పోతుంది కదా?

కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత ఎవరో సగం సగం చెప్పింది విని, మిగతా సగం ఊహించుకుని ఇంకా ఎక్కువ కంగారు పడతారు. తెలుసుకోవడం మిమ్మల్ని అలసిపోయేలా చేయదు. ఏదో జరగబోతోందని కాచుకుని కూర్చోవడమే అలసిపోయేలా చేస్తుంది. మానాల్సింది ఆ కాపలా.

మరి రోజుకు ఎంతసేపు చాలు?

ఒక పేపరు, లేదా ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు. నా లెక్కలో అరగంట ధారాళంగా సరిపోతుంది. పేపరుకి ఒక గుణం ఉంది, ఆఖరి పేజీ ఉంటుంది. రేడియో బులెటిన్‌కీ ముగింపు ఉంటుంది. స్క్రోలింగ్‌కి అది లేదు. సాయంత్రం ఇంకోసారి చూడాలనిపిస్తే ఏడింటికో, ఎనిమిదింటికో ఒక పది నిమిషాలు చూడండి. రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం వద్దు. ఆ వేళకి మీకు తెలియాల్సిన కొత్త సంగతి దాదాపు ఏమీ ఉండదు, పొద్దున పేపర్లో వచ్చేదాన్నే అరుచుకుంటూ చెబుతారు.

ఒకవేళ నిజంగానే అంత పెద్దది ఏదైనా జరిగితే? మీకు తెలియకుండా ఉండదు. పక్కింటాయన వచ్చి తలుపు కొడతాడు.

డిబేట్లు చూడకపోతే లోపలి విషయాలు ఎలా తెలుస్తాయి?

డిబేట్‌లో లోపలి విషయాలు ఉండవు. ప్యానెల్‌కి ఎవరిని పిలవాలో పగలే అనుకుంటారు. ఈయన రేగిపోతాడు, ఆయన తగ్గడు అన్నది చూసుకునే పిలుస్తారు. అధికార ప్రతినిధికి ఏం మాట్లాడాలో పార్టీ ఆఫీసునుంచి ముందే వస్తుంది. స్టూడియోలోంచి బయటికొచ్చాక ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఇక్కడ మీకు మాత్రం రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. నేను ఒక్కటే మానమని చెప్పాల్సివస్తే దీన్నే మానమంటాను.

ప్రతి పేపరూ ఏదో ఒక పార్టీదే. దేన్ని నమ్మాలి?

దేన్నీ పూర్తిగా నమ్మక్కర్లేదు. ఒకే వార్తను ఎదురెదురు పక్షాల పేపర్లు రెండింటిలో చదవండి. విశేషణాలు కొట్టేయండి. ఇద్దరూ ఒప్పుకుంటున్న ముక్క ఒకటి మిగులుతుంది: ఫలానా తేదీన ఫలానా జీవో వచ్చింది, ఇంత డబ్బు కేటాయించారు, కోర్టు కేసును ఫలానా రోజుకు వాయిదా వేసింది. అదే వార్త. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ మీకు సంబంధమున్న విషయానికి మాత్రమే ఇలా చేయండి. రోజూ ప్రతిదానికీ చేస్తే అదో కొత్త అలసట.

నేను మానినా యూట్యూబ్ వదలట్లేదు. ఏం చేయాలి?

వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కితే 'నాట్ ఇంట్రెస్టెడ్', 'డోంట్ రికమెండ్ ఛానల్' అని వస్తాయి. ఒక వారం విసుగు లేకుండా రెండోది నొక్కుతూ పొండి. ఆటోప్లే ఆపేయండి. ఇంకా గట్టిగా కావాలంటే సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ చెరిపేసి, రికార్డు కాకుండా ఆపేయండి. అప్పుడు హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది, మీరు వెతికితేనే ఏదైనా కనిపిస్తుంది. మొదట్లో వెలితిగా ఉంటుంది. అన్నిటికన్నా ముందు న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. వాటిలో మీరు ఆ నిమిషానికే తెలుసుకోవాల్సింది ఏడాదికి ఒకటో రెండో వస్తే గొప్ప.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా రాజకీయమే. బయటికొస్తే బాగుండదేమో?

బయటికి రాకండి, 'ఆల్వేస్' అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. పుట్టినరోజులూ శుభకార్యాలూ చూసుకోవడానికి ఆదివారం ఒకసారి తెరిస్తే చాలు. అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ బ్యాచ్ గ్రూపు లాంటివాటినుంచి వెళ్లిపోవాలంటే మొహమాటం అక్కర్లేదు. 2022నుంచి మీరు వెళ్లిన సంగతి అడ్మిన్లకే తెలుస్తోంది, గ్రూపంతటికీ చెప్పడం లేదు.

మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని. అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020లో పరిమితి పెట్టింది. కంపెనీయే అంత అనుమానపడుతున్నదాన్ని మీరు చదివి, కోపం తెచ్చుకుని, జవాబు రాయడం ఎందుకు?

## ఇంట్లో, బంధువుల్లో

మామగారిది ఒక పార్టీ, నాది ఇంకోటి. పండక్కి అత్తారింటికి వెళ్లాలంటేనే టెన్షన్.

మన దగ్గర పార్టీ ఒక్కటే ఉండదు. దాని వెనక కులం ఉంటుంది, ఊరి పాత తగాదా ఉంటుంది, 'మావాడు' అన్న మమకారం ఉంటుంది. కాబట్టి మీ దగ్గర ఎన్ని అంకెలున్నా మామగారు మారరు. మీరూ మారరు, నిజం ఒప్పుకుందాం.

ఆయన కదిలించినప్పుడు మౌనంగా కూర్చుంటే పొగరనుకుంటారు, వాదిస్తే రచ్చ. మధ్యలో ఒక దారి ఉంది, పెద్దవాళ్లని పాత రోజుల్లోకి తీసుకెళ్లడం. "మామయ్యగారూ, ఎనభై మూడులో రామారావుగారు గెలిచినప్పుడు మీ ఊళ్లో ఎలా ఉంది?" అని అడిగి చూడండి. ఇవాళ్టి గొడవ మర్చిపోయి గంటసేపు చెబుతారు, అదీ చాలా బాగా చెబుతారు. భోజనాల దగ్గర టీవీ వద్దని మీ ఆవిడ చేతో, అత్తగారి చేతో చెప్పించండి. అల్లుడు చెబితే ఆజ్ఞలా ఉంటుంది, అత్తగారు చెబితే ఆ ఇంటి పద్ధతి అవుతుంది.

చిన్ననాటి స్నేహితుడు ఎన్నికల తర్వాత మాట్లాడటం మానేశాడు.

మెసేజ్‌లో సంజాయిషీ రాయకండి. అందులో ప్రతి మాటా మళ్లీ వాదనకు దొరుకుతుంది. వాళ్లింట్లో శుభానికో, అశుభానికో వెళ్లి కనబడండి. లేదా ఏదైనా చిన్న సాయం అడగండి. చాలా వరకు అతుక్కుంటాయి. కొన్ని అతుక్కోవు.

పిల్లల ముందు వార్తలు పెట్టొచ్చా?

వార్తలు పెట్టొచ్చు, తిట్లు వద్దు. ఏడేళ్ల పిల్లకి ముఖ్యమంత్రి ఎవరో తెలియడంలో తప్పులేదు. టీవీ వైపు చూస్తూ నాన్న వాడే భాష కూడా దానికి అప్పుడే వచ్చేస్తుంది, అదే చిక్కు.

## వార్తలతో బతుకు ముడిపడినవాళ్లకు

మా పొలం రాజధానికి ఇచ్చాం. మేం వార్తలు చూడకుండా ఎలా ఉంటాం?

మీకు 'టీవీ కట్టేయండి' అని సలహా ఇచ్చేవాళ్లకి పోయేదేమీ లేదు, మీకుంది. 2015లో భూసమీకరణ కింద అమరావతి రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వం మారడం, 2025 మే 2న ప్రధాని చేతులమీదుగా పనులు మళ్లీ మొదలుకావడం. తుళ్లూరులోనో, మందడంలోనో ఉన్నవాళ్లకి ఇది రాజకీయం కాదు, పిల్లల పెళ్లి, బ్యాంకు అప్పు.

అయినా ఒక సంగతి చూడండి. అన్నేళ్లలో మీ ప్లాటు గతిని నిజంగా మార్చిన తేదీలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మధ్యలో ఎన్ని వందల రాత్రులు 'అమరావతిపై సంచలనం' అని చూసి ఉంటారు? కోర్టు వాయిదా, కౌలు డబ్బు పడే తేదీ, రిజిస్ట్రేషన్, ఈ మూడింటినీ క్యాలెండరు మీద రాసుకోండి. ఊళ్లో నలుగురైదుగురు కలిసి వారానికొకరు చొప్పున వార్తలు చూసే వంతు పెట్టుకోండి. ఏదైనా ఉంటే ఆ ఒక్కరు మిగతావాళ్లకి చెబుతారు. అందరూ కాపలా కాయక్కర్లేదు.

గ్రూప్స్‌కి చదువుతున్నాను. నోటిఫికేషన్, కేసు, స్టే... రోజూ ఏదో ఒకటి. చదువు సాగట్లేదు.

తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. మొదటిది 2023 మార్చిలో, పేపర్ లీకేజీ వల్ల. రెండోది అదే ఏడాది సెప్టెంబరులో, హైకోర్టు తీర్పుతో. అది చూసినవాళ్ల కడుపులో ఇంకా దడ ఉంటుంది, దాన్ని తప్పు పట్టలేం. కానీ కోచింగ్ సెంటర్ల టెలిగ్రామ్ ఛానళ్లు ఆ దడ మీదే నడుస్తాయి. కమిషన్ వెబ్‌సైట్ రోజుకు ఒకసారి, సాయంత్రం చదువు అయ్యాక చూడండి. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అన్నది ఏదైనా సరే, సైట్‌లోకి వచ్చేదాకా లేనట్టే.

అమెరికాలో ఉంటాం. ఇక్కడి రాజకీయం, అక్కడి రాజకీయం రెండూ తల తినేస్తున్నాయి. వీసా వార్త వస్తే గుండె ఆగినంత పనవుతోంది.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం గుర్తుండే ఉంటుంది. హెచ్-1బి ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల రుసుము అని అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన మీద సంతకం చేశారు, ఆదివారంనుంచే అమలన్నారు. కొన్ని కంపెనీలు వెంటనే తిరిగి రమ్మని ఉద్యోగులకి మెయిల్ పెట్టాయి. సెలవుకి ఇండియా వచ్చినవాళ్లు దొరికిన రేటుకి టికెట్లు కొన్నారు. శనివారానికల్లా వివరణ వచ్చింది: కొత్త దరఖాస్తులకే, ఒక్కసారి కట్టేదే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు వెళ్లిరావచ్చు.

ఒక్కరోజు ఆగినవాళ్లకి టికెట్ డబ్బులు మిగిలాయి. ఆగమని చెప్పడం తేలిక, ఆ రాత్రి ఆగడం తేలిక కాదు. అందుకే ముందే ఒక పద్ధతి పెట్టుకోండి: వీసా వార్త వస్తే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్, కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్ మెయిల్, ఈ రెండే. తెలుగు యూట్యూబర్ విశ్లేషణ మూడోది కాదు. ఇక మన ఊళ్ల రాజకీయం గురించి ఒక మాట. డల్లాస్‌లో కూర్చుని ఊళ్లో ఎంపీటీసీ మీద అర్ధరాత్రి పోస్టు పెడితే ఆ ఎంపీటీసీకి తెలియను కూడా తెలియదు, ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలకి మాత్రం తెలుస్తుంది.

నేనే విలేకరిని. నాకేంటి దారి?

డ్యూటీ అయ్యాక పోటీ ఛానల్ చూడకండి. దాని స్క్రోల్ చూడటం షిఫ్టులో ఉన్నవాడి పని.

## ఎన్నికలు దగ్గరపడినప్పుడు

పోలింగ్ అయ్యాక కౌంటింగ్ దాకా తినబుద్ధి కాదు, నిద్ర పట్టదు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది, జూన్ 4న లెక్కింపు. అంటే మూడు వారాలు జనం చేతిలో ఏ సమాచారమూ లేదు. చివరి దశ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ వేయకూడదు కాబట్టి అవీ జూన్ 1 సాయంత్రంగాని రాలేదు. అయినా ఆ మూడు వారాలూ ఛానళ్లు ఖాళీగా లేవు. పోలింగ్ శాతం పెరిగితే ఎవరికి లాభం, మహిళల క్యూ ఎవరిది అంటూ నడిపాయి. అదంతా జోస్యం. ఓట్లు పెట్టెలో పడ్డాక మీ టెన్షన్‌కి అవి మారవు.

ఆ రోజుల్లో ఊరు ప్రయాణమో, ఇంటికి సున్నాలో, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పన్ను పీకించుకోవడమో పెట్టుకోండి. కౌంటింగ్ రోజు ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. తొలి గంటల ఆధిక్యాలు చూసి సంబరపడినా ఏడ్చినా తొందరే. మధ్యాహ్నం భోజనం చేసి ఎన్నికల సంఘం సైట్ తెరిస్తే సరిపోతుంది.

పందెం కాశాను. ఇప్పుడు ప్రతి సర్వే చూస్తే చెమటలు పడుతున్నాయి.

అది చట్టవిరుద్ధం, మీకూ తెలుసు. మీ సమస్య వార్తలు కాదు, పందెం. ఎంత పెట్టారో ఇంట్లో ఒకరికి ఇవాళే చెప్పండి. పోయినదాన్ని రాబట్టడానికి రెండో పందెం కాయకండి.

మా పార్టీ చిత్తుగా ఓడింది. నాలుగు రోజులుగా గది దాటలేదు.

దుఃఖం నిజమైనదే, ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకండి. కొన్నాళ్లు ఫేస్‌బుక్ కట్టేయండి, గెలిచినవాళ్ల మీమ్స్ చూసి మీరు సాధించేది లేదు. కాస్త కోలుకున్నాక ఈ అంకెలు చూడండి. వైసీపీకి 2019లో 151 సీట్లు, 2024లో 11. టీడీపీకి 2019లో 23, 2024లో 135. తెలంగాణలో కాంగ్రెస్‌కి 2018లో 19, 2023లో 64. మన ఓటరు ఎవరినీ శాశ్వతంగా గద్దెమీదా ఉంచడు, వీధిలోనూ ఉంచడు.

## అంతకు మించిపోతే

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి దారికి రాకపోతే, ఇష్టమైన పనులు కూడా రుచించకపోతే, గుండెదడ, ఊపిరాడనట్టు ఉండటం పదే పదే వస్తుంటే వెళ్లండి. వార్తలు మానేశాక కూడా అలాగే ఉంటే అసలు కారణం వార్తలు కాకపోవచ్చు, అది తేల్చేది డాక్టరే. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం టెన్షన్ అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి.

ఖర్చు లేకుండా తెలుగులో ఎవరితోనైనా మాట్లాడొచ్చా?

టెలీ మానస్, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. నేరుగా చూపించుకోవాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 'ఎర్రగడ్డ' అనగానే నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. అమెరికాలో ఉన్నవాళ్లు 988కి ఫోన్ చేయొచ్చు.

మా తమ్ముడు నాయకుడి కోసం ప్రాణమిస్తానంటున్నాడు. మాటవరసకేనా?

మాటవరసకే అనుకుని వదలకండి. నాయకుడు పోయాడనో, అరెస్టయ్యాడనో మనుషులు ప్రాణాలు తీసుకున్న వార్తలు మన దగ్గర చాలాసార్లు వచ్చాయి. తిట్టకుండా పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అతని పక్కనుంచే 14416కి ఫోన్ చేయండి. ఇంట్లో పురుగుమందు ఉంటే వేరేచోటికి మార్చండి.

## కాస్త కుదుటపడ్డాక

చూడటం తగ్గించాను, కానీ దేశం ఏమైపోతోందో పట్టించుకోనట్టు గిల్టీగా ఉంది. ఏదైనా చెయ్యాలనుంది.

అయితే మీ వీధికి సంబంధించినది ఒకటి పట్టుకోండి. మంజూరైందని పేపర్లో వచ్చిన రోడ్డు ఏమైంది? స్కూల్లో టీచరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది? సమాచార హక్కు చట్టం, 2005 కింద తెల్లకాగితం మీద తెలుగులోనే అడగొచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి. అది లేకపోతే అప్పీలుకి ఆధారం ఉండదు.